ఊడని అక్షరాలు

జెర్సీల మూట విప్పగానే వదిన చేసిన మొదటి పని తన పనితనం చూసుకుని మురిసిపోవడం. రెండో పని, గంట తిరక్కుండానే, ఆ పనితనాన్నే నోటికొచ్చినట్టు తిట్టుకోవడం.

ఆ ఇంటి ముందుగదే వాళ్ళ కుట్టుదుకాణం. కిటికీ పక్కన వదిన మిషను, గుమ్మం పక్కన మరదలి మిషను, మధ్యలో ఇస్త్రీబల్ల. పాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, చిరిగినవి అతకడం, అదీ వాళ్ళ పని. వదిన భర్త పొద్దున్నే బస్సెక్కి స్టీరింగు పట్టుకుంటే మళ్ళీ సాయంత్రానికే ఇల్లు చేరతాడు. మరదలు ఆయన సొంత చెల్లెలు. భర్త పోయాక చంటిపిల్లని చంకనేసుకుని అన్నగారింటికి వచ్చేసింది. వదినకి పిల్లల్లేరు. ఆ చంటిదాన్ని ఇద్దరూ కలిసి పెంచారు. ఒకరు కొడితే ఒకరు ఊరుకోబెట్టారు, ఒకరు అన్నం పెడితే ఒకరు కథ చెప్పారు. ఆ పిల్ల ఇప్పుడు ఊరి ఆడపిల్లల హాకీ జట్టులో ముందువరసలో ఆడుతోంది. బంతి పట్టిందంటే ఆగదు కాబట్టి జట్టులో అందరూ పిడుగు అంటారు. ఇంట్లో కూడా అదే పేరు స్థిరపడిపోయింది.

ఆ మూట పిడుగు జట్టుదే. మేనేజరు స్కూటరు మీద తెచ్చి బల్ల మీద దభీమని పడేశాడు.

"ఇన్నాళ్ళూ జట్టు ఖర్చు పెట్టుకున్న రంగుల కంపెనీ మన చెయ్యి వదిలేసిందమ్మా. సిమెంటు కంపెనీ పట్టుకుంది. వాళ్ళ గుర్తు భుజం మీద చిన్నది చాలట, అది నేను వేయించుకుంటాను. ఛాతీ మీద మాత్రం రంగుల కంపెనీ పేరులో ఒక్క అక్షరం ఉన్నా జట్టుని మైదానంలో దింపొద్దన్నారు. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాను."

"ఇవాళ సాయంత్రమా?" అంది మరదలు.

"ఆట రేపు కదమ్మా! పెద్ద జట్టుకి పిల్లల్ని ఎంచేవాళ్ళు వస్తున్నారు. మళ్ళీ ఈ చుట్టుపక్కలకి ఎప్పుడొస్తారో ఏమో. మీ పిడుగు మీద వాళ్ళ కన్ను ఇదివరకే పడింది. రేపు కాస్త ఆడి చూపిస్తే చాలు." స్కూటరు తిప్పుతూ వెనక్కి చూశాడు. "జాగ్రత్త. మనిషికి ఒక్కటే జెర్సీ. అదనంగా ఒక్కటీ లేదు."

వదిన ఒక జెర్సీ తీసి వెలుతురులో పట్టుకుంది. ముదురు నీలం మీద తెల్లటి గుడ్డ అక్షరాలు, ఛాతీకి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా. ఎన్ని ఉతుకులు ఉతికారో, ఎన్ని ఎండల్లో ఆరేశారో, బట్ట రంగు వెలిసింది కానీ ఒక్క అక్షరం కొస కూడా లేవలేదు. ఈ అక్షరాలు వేసింది ఈ ఇంట్లోనే, ఈ ఇద్దరే.

"చూశావా?" అంది గర్వంగా. "పోగు కదల్లేదు."

"జిగురు అలాంటిది మరి," అంది మరదలు.

ఇక్కడ ఆ ఇంటి రహస్యం ఒకటి చెప్పాలి. మరదలికి జిగురంటే నమ్మకం, వదినకి దారమంటే నమ్మకం. అప్పట్లో ఈ అక్షరాలు వచ్చినప్పుడు మరదలు ఒక్కోదాని వెనకా జిగురు పూసి, ఇస్త్రీపెట్టెతో వేడి పెట్టి అతికించింది. పడుతూ లేస్తూ ఆడే పిల్లలాయె వీళ్ళు, చెమటకి జిగురు ఊడిపోదూ అని వదిన అనుమానం. మరదలు బజారుకి వెళ్ళినప్పుడు చూసి అక్షరాల చుట్టూ జిగ్‌జాగ్ కుట్టు దగ్గర దగ్గరగా వేసేసింది. తిరిగొచ్చిన మరదలు చూసింది, పైకేమీ అనలేదు. కానీ సూది పొడిచినచోటల్లా జిగురు పట్టు తప్పి ఉంటుందని దిగులుపడి, వదిన దేవుడి ముందు కూర్చున్న సమయంలో సన్నమూతి సీసాతో కుట్టు కిందికి మళ్ళీ జిగురు దూర్చింది. పూజ ముగించి వచ్చిన వదినకి దారం మీద తెల్లటి చార కనిపించింది. జిగురు తగిలిన దారం పెళుసెక్కుతుందని భయపడి దాని పక్కనే ఇంకో వరస కుట్టు వేసింది. ఒకరి సంగతి ఒకరికి తెలుసు. ఒకరినొకరు అడగలేదు. ఎందుకడగాలి, ఇద్దరూ పిల్ల జట్టు మంచికే చేశారాయె.

ఇప్పుడు కుట్టు జిగురుని కరుచుకుంది, జిగురు కుట్టుని కరుచుకుంది.

కుట్లు విప్పే చిన్నకత్తి మొన దారం కిందికి దూరితేనా! దూరినా, తెగిన దారం బయటికి రాదు. పట్టకారుతో లాగితే చిన్న ముక్కగా పుటుక్కున తెగి వస్తుంది, మిగతాది జిగురులోనే పాతుకుపోయి ఉంటుంది. మొదటి అక్షరం చుట్టూ కుట్టు తీసేసరికే వదిన మెడ పట్టేసింది. రెండోదానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కత్తి జారి బొటనవేలికి గుచ్చుకుంటే రక్తం బట్టకి అంటకుండా గభాలున నోట్లో పెట్టుకుంది.

"ఎవరేసిన కుట్టు వదినా ఇది?" అంది మరదలు తన మిషను దగ్గర్నుంచి, ఎంతో అమాయకంగా.

"కుట్టు నాదే. దాన్ని రాయి చేసిన మహాతల్లి ఎవరో?"

"నేనేం ఎరగను. నువ్వు కళ్ళు మూసుకుని జపం చేసుకుంటున్నావు కదా, దేవుడే వచ్చి పోసి వెళ్ళాడేమో!"

"దేవుడి మీదికి తొయ్యకు. ఆయనకి నీ సీసామూత విప్పడం కూడా రాదు."

మామూలప్పుడైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళే. ఇప్పుడు నవ్వు రాలేదు. కుట్లు పోయాక కూడా అక్షరం ఉడుంపట్టు పట్టి కూర్చుంది. గోరు పెట్టి లేపబోతే గోరే విరిగింది. చెంచా అంచుతో గీకింది, చన్నీళ్ళు చల్లింది, ఊదింది, ఊపింది. ఉహూ. ఇక వేడి పెట్టక తప్పదు. ఏ వేడికి అతుక్కుందో ఆ వేడికే వదలాలి కదా అనుకుంది వదిన. అయితే ఎంత వేడి? పల్చటి బట్ట. కాస్త ఎక్కువైతే పనైపోతుంది. ముందు ఒకదాని మీద పరీక్షించి చూడాలి.

అక్కడే ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కుట్లు విప్పిన జెర్సీ గోల్ దగ్గర నిలబడే పిల్లది. పాడైతే ఆ పిల్ల తల్లికి ఏం సమాధానం చెప్పాలి? పరాయి పిల్లల బట్టల మీద ప్రయోగాలు చేయడం పాపం కాదూ! చేస్తే మన పిల్ల దాని మీద చేయాలి. నష్టమొస్తే మనింట్లోనే ఉండిపోతుంది. ఈ ఆలోచన రాగానే ఆమె మనసు ఎంతో తేలికపడింది. దేవుడు మెచ్చే మాటే అనిపించింది. మూటలోంచి పిడుగు జెర్సీ ఏరి తీసింది. మొదటి అక్షరం కుట్లు ఓపిగ్గా విప్పింది. ఇస్త్రీపెట్టె వేడెక్కనిచ్చింది. కళ్ళు మూసుకుని ఒక్కసారి దణ్ణం పెట్టుకుని, అక్షరం మీద ఆనించింది.

కాసేపటికి ఒక మూల లేచింది. "వచ్చేస్తోందే!" అని సంబరంగా అరిచి, పట్టకారుతో పట్టి బలంగా లాగింది.

అక్షరం వచ్చింది. దానితోపాటు బట్ట కూడా వచ్చింది.

గదంతా కమురువాసన. జెర్సీ గుండెల మీద బొటనవేలు పట్టేంత బొక్క, అంచులు కరిగి గట్టిపడి ఉన్నాయి. వదిన చేతిలో పట్టకారు, పట్టకారు చివర తెల్లటి అక్షరం, అక్షరం వెనక నీలం ముక్క. 

మరదలు లేచి వచ్చింది. బొక్క చూసింది, తర్వాత వీపు తిప్పి పేరు చూసింది.

"పిడుగుదా?"

వదిన తలూపింది.

"ఇంతమందివీ ఉండగా..." అని మరదలు కుర్చీలో కూలబడింది. "తడిగుడ్డ వేసి లోపలివైపు నుంచి ఆవిరి పట్టాలి వదినా. పైనించి పొడి ఇస్త్రీ పెడతారా ఎవరైనా? జిగురు సంగతి జిగురుదాన్ని అడగొద్దూ? నోరు తెరిచి ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"

నిజమే, అడగలేదు. కుట్టు వేసేటప్పుడూ అడగలేదు, విప్పేటప్పుడూ అడగలేదు. ఒకే కప్పు కింద, ఎదురెదురు మిషన్ల మీద ఇన్నేళ్ళు కూర్చున్న మనుషులు.

మధ్యాహ్నం ఎండన పడి పిడుగు వచ్చింది. సాధన చేసి చేసి మొహం కందగడ్డలా ఉంది. హాకీకర్ర గోడకి ఆనించి, "ఆకలి!" అంటూ లోపలికి పోబోయి, ఇద్దరి మొహాలూ చూసి ఆగింది. బల్ల మీద పరిచిన జెర్సీ చూసింది. దగ్గరకెళ్ళి బొక్కలో వేలు పెట్టింది.

"ఇది నాది."

"నా వల్లే," అంది వదిన. "వేడి ఎంత పెట్టాలో చూద్దామని పెట్టాను. వేరేవాళ్ళ పిల్లలవి పాడుచేయకూడదని..."

"అందుకని నాది పాడుచేశావా?"

"మన పిల్లవి కదా అని."

"మన పిల్లనా?" పిడుగు గొంతు పైకి లేచింది. "రేపటి ఆట ముఖ్యం ఎవరికత్తా? గోల్ దగ్గర నిలబడేదానికా, బెంచీ మీద కూర్చునేదానికా? వాళ్ళు చూడ్డానికొచ్చేది నన్ను! చిరిగిన జెర్సీతో అంపైరు గీత కూడా దాటనివ్వడు. ఊరందరి పిల్లలకీ న్యాయం చేశావు. మరి నాకు? నీ సొంత కూతురైతే ఇలాగే చేసేదానివా?"

 మరదలు చటుక్కున లేచి, "ఏయ్, నోరు అదుపులో పెట్టుకో!" అంది. అంది కానీ, ఆ గొంతులో కూతురి మీద ఉన్నంత కోపం వదిన మీద కూడా ఉందని వదినకి తెలుస్తూనే ఉంది.

సొంత కూతురైతే చేసేదాన్నేనే, సొంతమనుకున్నాను కాబట్టే చేశాను అని చెబుదామనుకుంది వదిన.  అది ఎవరికి ఓదార్పు?

పిడుగు జెర్సీని అటూ ఇటూ తిప్పుతోంది. కింది అంచు మడత దగ్గర ఆగింది. "పోనీ, వేడి ఎంత పెట్టాలో చూడాలంటే ఈ మడత లోపల చూడొచ్చుగా? ఎవరికీ కనబడదు. ఎవరి జెర్సీ అయితే ఏం?"

వదిన ఆ మడత వంక చూసింది. ప్రతి జెర్సీకీ ఉంది ఆ మడత. రోజూ పాంట్లకీ గౌన్లకీ అలాంటి మడతలే విప్పి కుట్టే చేతులు తనవి. చొక్కామీద ఇస్త్రీ పెట్టేముందు లోపలి అంచు మీద పెట్టి చూడటం కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కూడా తెలిసిన పని. మరి తనకెందుకు తోచలేదు? పరాయి పిల్లా, మన పిల్లా అన్న ప్రశ్న వేసుకుంది కానీ, అసలు ఎవరిదీ పాడవకుండా చూసే దారి ఉందా అని వేసుకోలేదు. త్యాగం చేసే అవకాశం ఎదురుగా కనిపించేసరికి, అది అవసరమా కాదా అని కూడా చూడకుండా ఎగబడింది. చేసింది కూడా ఎవరి ఖర్చు మీద? పిల్ల ఖర్చు మీద. స్వామీ, ఇదేం భక్తి, అనుకుంది. నీకు పెట్టానని సంతోషపడ్డాను, పెట్టింది నాది కాదే!

"అన్నం తిను," అంది పైకి.

"నాకొద్దు." పిడుగు లోపలికెళ్ళి తలుపు దబాలున వేసుకుంది.

మరదలు మూటలో చెయ్యి పెట్టి ఒక జెర్సీ లాగింది. గొంతు తగ్గించి, "వదినా, ఇది బెంచీ మీద కూర్చునే పిల్లది. ఎలాగూ ఆడదు. వీపు మీద పేరూ నంబరూ మార్చేస్తే సరి. ఆ బొక్కది దీనికి. కూర్చుంటే ఎవరు చూస్తారు?" అంది.

వదిన మనసు ఊగింది. నిజంగానే ఊగింది. చిన్నకత్తి తీసుకుని ఆ జెర్సీ వీపు మీద పేరు దగ్గర మొన కూడా పెట్టింది. అక్షరం, దాని చుట్టూ జిగ్‌జాగ్, దాని కింద తెల్లటి చార, దాని పక్కన ఇంకో వరస. ఛాతీ మీద ఉన్నంతా వీపు మీద కూడా ఉంది. ఇవి ఊడదీసి, అవి ఊడదీసి, ఇటువి అటూ అటువి ఇటూ వేసేసరికి ఆట అయిపోయి మైదానం ఊడ్చేస్తారు. కత్తి పక్కన పెట్టేసింది. ఆమెని ఆపింది ధర్మమా, జిగురా అని అడిగితే, ఉన్నమాట చెప్పాలంటే, జిగురే. ఆ సంగతి ఆమెకీ తెలుసు, పైవాడికీ తెలుసు.

"పని కానిద్దాం," అంది. "నీ తడిగుడ్డ ఎలాగో చూపించు."

మరదలు చూపించింది. జెర్సీ తిరగేసి, తడిగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టెని ఆనీ ఆనకుండా పట్టుకుంది. బుస్సున ఆవిరి. లెక్కపెట్టినట్టు ఆగి, గుడ్డ తీసి, ముందువైపు తిప్పి, "ఇప్పుడు లాగు. గబగబా కాదు. నిద్రపోతున్న పిల్ల కిందనించి దుప్పటి తీసినట్టు," అంది. వదిన లాగింది. అక్షరం మెల్లగా, జిగురు తీగలు సాగుతూ, బట్టని వదిలేసింది. మిగిలిన జిగురుని దూదికి స్పిరిట్ అద్ది రుద్దితే చిన్న చిన్న ఉండలుగా రాలింది. స్పిరిట్ ఘాటుకి ఇద్దరి ముక్కులూ కారాయి. వదిన కుట్లు విప్పింది, మరదలు ఆవిరి పట్టింది, మళ్ళీ వదిన లాగింది. ఒక్కో అక్షరానికీ ఒక్కో ప్రాణం పోయింది. మధ్యలో ఒకటి సగమే వచ్చి చిరిగితే వదిన ఏడవబోయి, ఏడవడానికి కూడా తీరిక లేక ఊరుకుంది.

అక్షరాలు పోయినచోట ఇంకో విచిత్రం. చుట్టూ బట్ట వెలిసిపోయింది, అక్షరం కింద మాత్రం ఎండ తగలక మొదట్లో ఉన్న ముదురు నీలమే ఉంది. తెల్ల అక్షరాలు పోయి నీలం అక్షరాలు తేలాయి.

"వీడి మొహం మండ! ఊడపీకినా పేరు చదవడానికి వస్తోంది," అని మరదలు నెత్తి కొట్టుకుంది.

వదిన పిడుగు జెర్సీ తీసి చూస్తోంది. బొక్క పడింది అక్షరం ఉన్నచోటే, ఆ ముదురు నీలం మధ్యలో. కింది మడత కాస్త విప్పింది. మడత లోపలి బట్టకి కూడా ఎండ తగల్లేదు. రెంటినీ పక్కపక్కన పెట్టింది. ఒకే రంగు.

కరిగి గట్టిపడ్డ అంచుని కత్తిరించి, మడత లోపలినించి బొటనవేలంత ముక్క తీసి, కిటికీ దగ్గర వెలుతురులోకి కుర్చీ జరుపుకుంది. తల వెంట్రుక లాంటి దారం. మిషను కాదు, చెయ్యి. ఒక్కో కుట్టూ పోగుకీ పోగుకీ మధ్య వేసింది. దండిగా కాదు, దగ్గరగా కాదు, బట్ట అడిగినన్నే. మరదలు పక్కన నిలబడింది. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే జిగురు సీసా మీదికి పోయింది.

"ముట్టుకోకు," అంది వదిన తలెత్తకుండా.

"ఒక్క చుక్క..."

"ఒక్క చుక్కా లేదు, నేను ఒక్క కుట్టు ఎక్కువ వెయ్యనూ వెయ్యను. సరేనా?"

"సరే."

సాయంత్రం మేనేజరు వచ్చి ఒక్కో జెర్సీ చేతులు చాచి పట్టుకుని చూశాడు. "నీడ కనబడుతోందే!" అని గొణిగాడు. "పోనీలెండి, అక్షరాలు తీసెయ్యమన్నారు, తీశాం. నీడని తీసెయ్యమంటే వాళ్ళనే వచ్చి తీసుకోమందాం." పిడుగు జెర్సీ కూడా అలాగే చూసి మడతపెట్టబోయాడు.

"ఆగండి," అంది వదిన. "అందులో అతుకుంది."

మేనేజరు మళ్ళీ చూశాడు. వేలితో తడిమాడు. "ఎక్కడా?"

వదిన చూపించింది. ఆయన చాలాసేపు తడిమి, తల గోక్కున్నాడు. "నాకు కనబడలేదు, అంపైరుకీ కనబడదు. కానీ ఆటలో లాగులాట ఉంటుందమ్మా. నడిమైదానంలో పిగిలిందంటే పిల్లని బయటికి పంపేస్తారు. ఇంకోటి తొడుక్కుందామన్నా లేదు. అప్పుడు మాత్రం నేనేం చేయలేను."

లోపలి తలుపు తెరుచుకుంది. పిడుగు వచ్చి, ఎవరి మొహం వంకా చూడకుండా జెర్సీ తీసుకుని మూటలో పడేసి, "పదండి సార్," అంది.

మర్నాడు ఎండ చుర్రుమంటోంది. మైదానం గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. పిడుగు పొద్దుట్నించీ అత్తతో ఒక్క మాట మాట్లాడలేదు. టిఫిను పెడితే తింది, అంతే.

ఆట మొదలైంది. అటూ ఇటూ పరుగులు, కర్రల టకటకలు, అరుపులు. వదిన కళ్ళు మాత్రం ఒక్క పిల్ల గుండెల మీదే ఉన్నాయి. పిడుగు పరిగెత్తితే బట్ట సాగుతుంది, సాగితే కుట్టు సాగుతుంది. ఎవరో అమ్మాయి భుజంతో నెట్టింది.  పిడుగు జారిపడి, ఛాతీ మీద దొర్లి లేచింది. వదిన మునికాళ్ళ మీద లేచి, మెడ సాచి, కళ్ళు చికిలించి చూసింది. ఉంది. అతుకు ఉంది. కూర్చుంది. వేళ్ళతో తన కొంగు అంచు నలుపుతూనే ఉంది.

ఉన్నట్టుండి గట్టంతా లేచి కేకలు పెట్టింది. మరదలు ఎగిరి వదిన భుజం చరిచింది.

"ఏమైంది? పిగిలిందా?" అంది వదిన కంగారుగా.

"గోల్ వదినా! మనదే కొట్టింది! ఆ చివర్నించి ముగ్గుర్ని తప్పించుకుని... నువ్వెక్కడ చూస్తున్నావ్?"

ఆట అయ్యాక పిల్లలంతా మేనేజరు చుట్టూ మూగారు. తెల్లటోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఇద్దరు ముగ్గురిని పక్కకి పిలిచి మాట్లాడాడు. వాళ్ళలో పిడుగు ఉందో లేదో అంత దూరాన్నించి తెలియలేదు. జనం అడ్డొచ్చారు. వదిన దేవుణ్ణి ఏమీ అడగలేదు. నిన్నటినించీ ఆయన్ని ఏదైనా అడగాలంటే మొహం చెల్లడం లేదు.

కాసేపటికి పిడుగు గట్టెక్కి వచ్చింది. జెర్సీ విప్పేసి మామూలు చొక్కా తొడుక్కుంది. నీళ్ళసీసా ఎత్తి గటగటా తాగింది. సరాసరి అత్త ముందు నిలబడింది.

"చూశావా నేను కొట్టింది?"

చూశాననడం ఎంత తేలిక! మరదలు పక్కనించి మోచేత్తో పొడుస్తూనే ఉంది.

"లేదే," అంది వదిన. "కుట్టు చూస్తూ ఉండిపోయాను."

పిడుగు ఆమె వంక గుడ్లురిమి చూసింది. "ఆటంతా?"

"ఆటంతా."

"నీతో వేగడం నా వల్ల కాదత్తా!" అని, చెమటతో తడిసి ముద్దయిన జెర్సీని ఆమె ఒళ్ళో పడేసింది. "ఆ అతుకు లోపలివైపు గుచ్చుకుంటోంది. చర్మం ఎలా గీరుకుపోయిందో చూడు. ఎల్లుండిలోగా సరిచెయ్యి. టోపీ ఆయన మళ్ళీ ఆడి చూపించమన్నాడు."

వదిన ఒళ్ళో జెర్సీని అక్కడికక్కడే తిరగేసి, అతుకు అంచు మీద వేలు పెట్టింది. నిజమే, ఒక ముడి గరుగ్గా తగులుతోంది. ఏ వైపునించి విప్పితే బట్ట నలగకుండా ఉంటుందో తనకి సరిగ్గా తోచలేదు.

"ఏమంటావ్?" అని మరదలికి చూపించింది.